టిక్కుమనే నీలి పెట్టె

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం ముందు నిలబడి రిలే బోర్డు కావాలంటే, ఎదురు ప్రశ్న ఒకటే వస్తుంది: ఎన్ని చానెళ్లది? ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. ఏది తీసుకున్నా దాని మీద బారులు తీరి కనిపించేవి నీలంరంగు ప్లాస్టిక్ పెట్టెలే. చాలావాటి నెత్తిన చైనాలోని నింగ్బోకు చెందిన సాంగిల్ కంపెనీ పేరు, దాని కింద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అన్న అంకెలు అచ్చయి ఉంటాయి. లోపల రాగితీగ చుట్టిన ఇనుప కడ్డీ, స్ప్రింగు వెనక్కి లాగి పట్టుకున్న చిన్న రేకు, మూడు కాంటాక్టులు. అంతే.

ఈ ఏర్పాటు పుట్టి సుమారు 190 ఏళ్లు. దాన్ని ఆడించే మైక్రోకంట్రోలర్ చిప్పుకు సుమారు యాభై ఏళ్లు. ఒక చిప్పులో కోట్ల ట్రాన్సిస్టర్లు ఇమిడిపోయిన కాలంలో కూడా ఈ ఇనుప రేకు ఉద్యోగం ఊడలేదంటే ఆశ్చర్యమే. అసలు సంగతేమిటంటే, రిలేకు మధ్యలో చాలా పెద్ద ఉద్యోగాలు వచ్చాయి. అవన్నీ ఒక్కటొక్కటిగా పోయాయి. చివరికి అది మొదట చేసిన పనికే తిరిగొచ్చింది.

ఆ మొదటి పని పెట్టినవాడు జోసెఫ్ హెన్రీ. 1831లో అమెరికాలోని ఆల్బనీ అకాడమీలో పాఠాలు చెబుతూ, గది చుట్టూ మైలుకు పైగా తీగ తిప్పి, ఆ చివరనున్న విద్యుదయస్కాంతంతో గంట మోగించాడు. తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటు పలచబడుతుందని, అవతలి కొసన బరువైన పని చేయించలేమని ఆయనకు తెలుసు. ప్రిన్స్‌టన్‌కు వెళ్లాక 1835 ప్రాంతంలో దానికి విరుగుడు కనిపెట్టాడు. దూరం నుంచి వచ్చిన బలహీన కరెంటు పెద్ద పని చేయనక్కర్లేదు. దగ్గర్లో ఉన్న మరో బలమైన సర్క్యూట్‌ను తెరిచి మూస్తే చాలు. పెద్ద అయస్కాంతానికి బరువులు వేలాడదీసి, చిన్న కరెంటుతో వాటిని ధబాలున కింద పడేయించి విద్యార్థులను బెదరగొట్టేవాడు. పేటెంటు మాత్రం తీసుకోలేదు.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ డేవీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అదే ఆలోచనను టెలిగ్రాఫ్‌కు అన్వయించి 1838లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడే ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. పేరు మాత్రం శామ్యూల్ మోర్స్‌కు దక్కింది. 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు ఆయన పంపిన సందేశం నలభై మైళ్ల తీగ దాటింది. ఆ తర్వాత ఖండాలకు ఖండాలు తీగలు పరుచుకున్నాయి. దారిలో నీరసించిన సంకేతాన్ని అందుకుని కొత్త బ్యాటరీతో ముందుకు తోసేది రిలేయే.

పెద్ద ఉద్యోగం టెలిఫోన్ వాళ్లు ఇచ్చారు. కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసే ఆల్మన్ స్ట్రౌజర్ 1891లో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి పేటెంటు పొందాక, ఆపరేటర్ అమ్మాయి చేసే పనిని విద్యుదయస్కాంతాలు అందుకున్నాయి. ఇండియాలోనూ ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చేదాకా స్ట్రౌజర్ పద్ధతివి దశాబ్దాల పాటు నడిచాయి. ఎక్స్ఛేంజి గదిలో పగలూ రాత్రీ ఆగని ఆ టకటకలు విన్నవారికి తెలుసు: అక్కడ రిలే తీగను కలపడమే కాదు, ఎవరిని ఎవరికి కలపాలో తేల్చేది కూడా.

ఈ తేల్చడం అన్న గుణానికి లెక్క కట్టినవాడు క్లాడ్ షానన్. 1937లో ఎంఐటీలో 21 ఏళ్ల కుర్రాడిగా రాసిన మాస్టర్స్ థీసిస్‌లో, కాంటాక్టులు మూసుకోవడం తెరుచుకోవడం అన్నది బూల్ బీజగణితమేనని నిరూపించాడు. రెండు కాంటాక్టులు వరసలో ఉంటే ‘మరియు’, పక్కపక్కన ఉంటే ‘లేదా’. డిజిటల్ యుగానికి పునాది రాయి ట్రాన్సిస్టర్ మీద కాదు, రిలే మీదే పడింది.

అదే ఏడు నవంబరులో జరిగిన మరో సంగతి హాబీ ఎలక్ట్రానిక్స్ ప్రేమికులకు మరీ దగ్గరిది. బెల్ ల్యాబ్స్ ఉద్యోగి జార్జ్ స్టిబిట్జ్ ఆఫీసులో పారేసిన పాత రిలేలు రెండు ఇంటికి పట్టుకెళ్లాడు. వంటింటి బల్ల మీద, పొగాకు డబ్బా రేకు కత్తిరించి స్విచ్చులుగా వంచి, టార్చిలైటు బల్బులు బిగించి, ఒక్కొక్క అంకె ఉన్న రెండు బైనరీ సంఖ్యలను కూడే యంత్రం తయారుచేశాడు. వంటింట్లో (కిచెన్‌లో) పుట్టింది కనుక దానికి ‘మోడల్ కె’ అని ఆయన భార్య పేరు పెట్టింది. పాత సామాను, ఇంటి బల్ల, రేకుముక్క, బల్బు. ఇవాళ ఏ కుర్రాడి మొదటి ప్రాజెక్టైనా దీనికి భిన్నంగా ఉండదు. ఆ ఆటవస్తువు ఫలితంగానే 1940లో నాలుగు వందలకు పైగా రిలేలతో బెల్ ల్యాబ్స్ లెక్కల యంత్రం తయారైంది. స్టిబిట్జ్ డార్ట్‌మత్ కాలేజీ సభలో, న్యూయార్కులో ఉన్న ఆ యంత్రానికి టెలిఫోన్ తీగ మీద లెక్కలు పంపి, జవాబులు రప్పించి చూపించాడు. మరుసటి సంవత్సరం బెర్లిన్‌లో కొన్రాడ్ జూసె రెండు వేలకు పైగా రిలేలతో జెడ్3 కంప్యూటర్ నడిపించాడు. అది యుద్ధకాలపు బాంబుదాడిలో ధ్వంసమైంది.

హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో 1947 సెప్టెంబరు 9న రిలే కాంటాక్టుల మధ్య చిమ్మట దొరికిన కథ అందరూ చెప్పేదే. దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అతికించారన్నదీ నిజమే. ఆ కథలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది: కాంటాక్టులు గాలికి తెరిచి ఉండేవి. దుమ్ము, పురుగు, తుప్పు, ఏదైనా లెక్క తప్పించగలదు. ఆ ఏడాది డిసెంబరులోనే బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. లెక్కలు చేసే ఉద్యోగం రిలేకు ఆ తర్వాత మెల్లగా చెల్లిపోయింది.

ఫ్యాక్టరీల్లో మరో రెండు దశాబ్దాలు నెట్టుకొచ్చింది. యంత్రాల క్రమాన్ని నడిపే రిలేలు గోడంత ప్యానెళ్ల నిండా ఉండేవి. కారు మోడల్ మారినప్పుడల్లా ఆ వైరింగంతా విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చేది. ఈ తలనొప్పి భరించలేక జనరల్ మోటార్స్ 1968లో వేరే దారి అడిగింది. డిక్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 అనే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్ (పీఎల్‌సీ) ఆ దారి చూపించింది. ఎలక్ట్రీషియన్లు బెదరకుండా ఉండాలని దాని ప్రోగ్రామును కూడా రిలే వైరింగు బొమ్మలాగే, నిచ్చెన మెట్ల రూపంలో రాసేలా పెట్టారు. రిలేలు పోయినా వాటి లిపి మిగిలింది. పీఎల్‌సీలలో అది ఇప్పటికీ నడుస్తోంది.

ఇక మైక్రోకంట్రోలర్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఎంఎస్1000ను 1974లో మార్కెట్లోకి తెచ్చింది. ఇంటెల్ 8051 వచ్చింది 1980లో. ఇండియాలో ఇంజనీరింగ్ చదివిన రెండు మూడు తరాలకు మైక్రోకంట్రోలర్ అంటే ఆ 40 కాళ్ల నల్ల చిప్పే. మొదట్లో ప్రోగ్రాము చెరపాలంటే గాజు కిటికీ ఉన్న చిప్పును అతినీలలోహిత కాంతి కింద పెట్టి కూర్చోవాల్సి వచ్చేది. 1990లలో అట్మెల్ ఫ్లాష్ మెమరీతో 89సి51ను తెచ్చాక విద్యార్థి జేబుకు, ఓపికకు కూడా అది అందింది.

అక్కడే పాత సమస్య కొత్త రూపంలో ఎదురైంది. హెన్రీకి మైలు పొడవు తీగ కరెంటును తినేసింది. ఇక్కడ చిప్పు కాలే బలహీనం. 5 వోల్టుల సాంగిల్ రిలే కాయిల్ నిరోధం 70 ఓములు, అంటే అది అడిగేది దాదాపు 71 మిల్లీఆంపియర్లు. 8051 కాలు ‘హై’లో ఇవ్వగలిగింది అందులో వెయ్యోవంతుకు అటూ ఇటూ. తర్వాత వచ్చిన ఆర్డుయినో ఊనో అనే బోర్డులోని ఏటీమెగా చిప్పు కాలుకు కూడా 40 మిల్లీఆంపియర్లు దాటితే ప్రాణగండం. కనుక మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ తప్పదు. కాయిల్ ఆగిన క్షణంలో వెనక్కి తన్నే వోల్టేజి ఆ ట్రాన్సిస్టర్‌ను చంపకుండా ఒక డయోడ్ కూడా తప్పదు. డయోడ్ మరిచిపోయి ట్రాన్సిస్టర్లు కాల్చుకోవడం అన్నది హాబీలో దాదాపు అక్షరాభ్యాసం.

ఈ రెంటినీ ఒకే చిప్పులో ఏడేసి జతలుగా పెట్టింది యూఎల్ఎన్2003. ఎనిమిది కావాలంటే 2803. కంప్యూటర్ ప్రింటర్ పోర్టులో డేటా తీగలు ఎనిమిది, 8051 పోర్టులో కాళ్లు ఎనిమిది, రిలేలు ఎనిమిది. లెక్క కుదిరింది. కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల పంట పండింది. వాటిలో ఎంటీ8870 అనే చిప్పుతో చేసినవి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. ఒక పాత సెల్‌ఫోన్‌ను ఆటో ఆన్సర్‌లో పెట్టి, హెడ్‌సెట్ తీగను ఆ చిప్పుకు కలిపితే, అవతలి మనిషి నొక్కిన అంకె శబ్దాన్ని నాలుగు బిట్లుగా విడదీసి ఇచ్చేది. ఎక్కడో ఊళ్లో ఉండి 1 నొక్కితే ఇంట్లో లైటు వెలిగేది. ఇంటర్నెట్ లేదు, యాప్ లేదు. పని మాత్రం జరిగేది.

2005లో ఇటలీలోని ఇవ్రేయాలో డిజైన్ విద్యార్థుల కోసం ఆర్డుయినో పుట్టింది. అంతకు రెండేళ్ల ముందు అక్కడే హెర్నాండో బరగాన్ చేసిన వైరింగ్ అనే వేదిక దానికి తల్లివేరు. ఆర్డుయినో వచ్చాక రిలేను విడిగా కొని, ట్రాన్సిస్టర్, డయోడ్ అంటించుకోవడం తగ్గింది. అన్నీ అమర్చిన బోర్డులు చైనా నుంచి వరదలా వచ్చాయి. మూడు తీగలు గుచ్చితే చాలు, టిక్కుమంటుంది.

ఇంత తేలికలో కొన్ని చిక్కులు దాక్కున్నాయి. చాలా బోర్డుల్లో 817 రకం ఆప్టోకప్లర్ ఉంటుంది. లోపల ఎల్ఈడీ వెలిగితే ఎదుటి ట్రాన్సిస్టర్ మేల్కొంటుంది, రెండు వైపులకూ తీగ సంబంధం ఉండదు. కాని బోర్డు మూలన జేడీ-వీసీసీ అని రాసిన చోట చిన్న జంపర్ బిగించి అమ్ముతారు. అది ఉన్నంతసేపూ కాయిల్ సరఫరా, చిప్పు సరఫరా ఒకటే, ఆప్టోకప్లర్ అలంకారమే. జంపర్ తీసి కాయిల్‌కు వేరే సరఫరా, వేరే గ్రౌండు ఇచ్చినప్పుడే దానికి అర్థం ఉంటుంది. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ 2012లో వచ్చాక 3.3 వోల్టుల కాళ్లతో 5 వోల్టుల బోర్డులు సరిగా ఆరకపోవడం చూసిన చాలామంది ఆ జంపర్ సంగతి అప్పుడే తెలుసుకున్నారు.

రెండో చిక్కు తలకిందుల తర్కం. ఈ బోర్డుల్లో ఎక్కువ శాతం ‘లో’ ఇస్తే వెలుగుతాయి, ‘హై’ ఇస్తే ఆరుతాయి. 8051కు ఇది చక్కగా అమరుతుంది. ఆ చిప్పు రీసెట్ అయితే పోర్టులన్నీ ‘హై’లోకి వెళ్తాయి, రిలేలు ఆరి ఉంటాయి. ఆర్డుయినోలో కాలును అవుట్‌పుట్‌గా ప్రకటించిన మరుక్షణం అది ‘లో’లో పడుతుంది, రిలే ఒకసారి టిక్కుమంటుంది. ముందు ‘హై’ రాసి, ఆ తర్వాత అవుట్‌పుట్ అని ప్రకటిస్తే ఈ బెడద ఉండదు. బల్బుకైతే ఒక టిక్కు నష్టం లేదు. గేటు మోటారుకో, తాళానికో అదే టిక్కు చాలు కొంప ముంచడానికి.

రైల్వే సిగ్నల్ ఇంజనీర్లు ఈ విషయంలో హాబీ లోకానికి గురువులు. సికింద్రాబాదులో 1957 నుంచి ఉన్న ఇరిసెట్ సంస్థలో నేర్పే మొదటి సూత్రమే ఇది: కాయిల్‌కు కరెంటు పోతే సిగ్నల్ ఎరుపులోకే పడాలి. కాంటాక్టులు నిప్పురవ్వకు అతుక్కుపోతాయేమోనన్న భయంతో లోహానికి ఎదురుగా కార్బన్ వాడతారు. నీలి పెట్టెలో ఆ జాగ్రత్త లేదు. దాని మీది 10 ఆంపియర్లన్న అంకె హీటర్‌లాంటి సాదా లోడుకు చెప్పిన మాట. ఫ్యానుకో మోటారుకో కాదు. రెండు కిలోవాట్ల గీజరు 230 వోల్టుల వద్ద 8.7 ఆంపియర్లు లాగుతుంది. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది, గంటసేపు నడిస్తే బోర్డు రాగిదారులు వేడెక్కుతాయి.

2014లో షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ చిప్పు ఈఎస్‌పీ8266 చవకగా వైఫైని తెచ్చింది. రెండేళ్లలో షెంజెన్‌లోని ఐటెడ్ కంపెనీ ఆ చిప్పును ఒక రిలేతో కలిపి సోనాఫ్ పేరుతో తెల్ల డబ్బాలో అమ్మింది. నెదర్లాండ్స్‌కు చెందిన థియో అరెండ్స్ దానికి టాస్మోటా అనే సొంత ప్రోగ్రాము రాసి ఉచితంగా పంచాడు. చూడబోతే కొన్న వస్తువును విప్పి తనది చేసుకునే అలవాటు, ఆఫీసు చెత్తలోంచి రిలే ఏరుకున్న స్టిబిట్జ్ దగ్గర్నుంచీ తెగలేదు. సప్పుడు చేయని సాలిడ్ స్టేట్ రిలే బోర్డులూ ఇప్పుడున్నాయి. హాబీ బోర్డుల మీద కనిపించే ఓమ్రాన్ జీ3ఎంబీ రెండు ఆంపియర్ల దాకానే. పైగా ఆరినప్పుడు కూడా కాస్త కరెంటు కారుస్తుంది కనుక, దానికి బిగించిన ఎల్ఈడీ బల్బు చీకట్లో మినుకుమంటూ ఉంటుంది.

తెలుగు పల్లెల్లో మాత్రం రిలేకు దక్కిన పెద్ద గిరాకీ ఇంటి లైటు వల్ల కాదు, బోరు మోటారు వల్ల. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చిపోయే రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. మూడు ఫేజులూ రాగానే రిలే దానంతటదే మోటారును లేపేది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకేసారి లేస్తే దాని మీద పడే భారం ఇంతా అంతా కాదు. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టిన ప్రభుత్వం, అందుకు ముందే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది. కరెంటు ఎప్పుడూ ఉంటే తనంతట తాను లేచే మోటారు ఎప్పుడూ తోడుతూనే ఉంటుంది, భూగర్భ జలం ఇంకిపోతుంది.

ఆటో స్టార్టర్ల స్థానంలో మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. సిమ్ కార్డు, మైక్రోకంట్రోలర్, రెండు రిలేలు. ఇంట్లో ఇలాంటిది కట్టుకునే కుర్రాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి, నీలి పెట్టె ఎన్నడూ మోటారు కరెంటును మోయదు. 5 హార్స్‌పవర్ మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకు ఐదారింతలు లాగుతుంది. అది స్టార్టర్ డబ్బాలోని కాంటాక్టర్ పని. చిన్న రిలేలు ఆ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రం ఆడిస్తాయి. ఒక రిలే తెరిచి ఉండే కాంటాక్టును పచ్చ బటన్‌కు పక్కన కలిపి, రెండో రిలే మూసి ఉండే కాంటాక్టును ఎర్ర బటన్‌కు వరసలో పెడతారు. అలా చేస్తే బోర్డు చచ్చిపోయినా, సిగ్నల్ లేకపోయినా, రైతు వెళ్లి చేత్తో బటన్ నొక్కి మోటారు నడుపుకోవచ్చు, ఆపుకోవచ్చు.