డోలు పట్టిన చేతులు

కొండగట్టు అంజన్న మొక్కు తీర్చుకున్నవాళ్లలో చాలామంది వేములవాడ రాజన్న దగ్గరికీ పోతారు. ఆ దారి ఊళ్లకు ఒగ్గుకథ ఇంటి సంగతే. వేములవాడ పక్కనున్న హనుమాజీపేట కవి సినారె పుట్టిన ఊరు, ఒగ్గుకథకుడు మిద్దె రాములు ఊరు కూడా. రాములు గొంతునూ ఆటనూ అందరూ తల్చుకుంటారు. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆయన వెనక డోలు పట్టి, వంత పాడుతూ నిలబడ్డవాళ్ల గురించి.

కురుమల ఒగ్గు పూజారులు పసుపు కుంకుమలతో పట్నం వేసి మల్లన్న లగ్గం చేస్తారు. ఒగ్గు అనే చిన్న డమరుకం మోగిస్తూ ఆ తంతులో పాడిన కథలే మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలుగా పెరిగాయి. పూజ దాటి కథ వాకిళ్లకొచ్చాక వంతగాళ్ల పని పెద్దదైంది. కథకుడు మాట నుంచి పాటలోకి మళ్లబోతున్నాడని డోలుకు ముందే తెలియాలి. ఒకవైపు కర్ర, మరోవైపు అరచెయ్యి; ఆ రెంటి మధ్యే నడక మారిపోతుంది. వంతగాడు ఊకొడతాడు, ప్రశ్న వేస్తాడు, అవసరమైతే కథలో పాత్రే అవుతాడు. రాసుకున్న స్వరం ఏదీ ఎదుట ఉండదు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తెంపాలో జనం ముఖాలు చూసి తేల్చుకోవాలి. ఇది నిఖార్సైన విద్వత్తు. కచేరీ ఆహ్వానపత్రంలో మృదంగ విద్వాంసుడి పేరు అచ్చవుతుంది. ఒగ్గుకథ మాత్రం ఫలానా ఆయన బృందంగానే మిగిలింది. 1990లో రాములు మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభల దాకా వెళ్లి కథ చెప్పారు. జనగామ వైపు చుక్క సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. వాళ్ల డోలు కళాకారుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

అమెరికాలోనూ ఇదే జరిగింది. చర్చి పాటల్లోంచి ఎదిగిన సోల్ సంగీతంలో డెట్రాయిట్ మోటౌన్ కంపెనీ పాటల్లో చాలావాటి వెనక ఉన్న వాద్యకారులకు ఏళ్లతరబడి అట్ట మీద చోటు లేదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌తో ఆ పేర్లు అచ్చయ్యాయి. బేస్ గిటార్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌ను లోకం గుర్తించడానికి అదొక మొదలు.

మన దగ్గర 2023 మార్చిలో 'బలగం' సినిమా వచ్చింది. దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల ప్రాంతం, సంగీతం భీమ్స్ సిసిరోలియో. కాసర్ల శ్యామ్ రాసిన ఊరి పాటకు జాతీయ పురస్కారం దక్కింది. అయినా జనాన్ని ఏడిపించింది చివర్న బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మల పాట. ఒకరు ఎత్తుకుంటే మరొకరు అందుకునే తీరు స్టూడియోలో నేర్పేది కాదు, ఇల్లిల్లూ తిరిగి పాడితే వచ్చింది. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఇప్పుడు మల్లన్న కథను ఫోన్‌లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే పిల్లలు ఊరూరా ఉన్నారు. కథకుడి పేరు కింద డోలు ఎవరిదో, తాళం ఎవరిదో, వంత ఎవరిదో కూడా రాయమని వాళ్లను అడుగుతున్నాను.