మాటలు లేని ఆటకు మాటలు: 'యుమే నిక్కి' ఆటగాళ్ల ప్రతిస్పందనల చరిత్ర

వ్యాససంగ్రహం:
2004లో జపాన్‌లో ఒకే వ్యక్తి రూపొందించి ఉచితంగా విడుదల చేసిన 'యుమే నిక్కి' అనే కంప్యూటర్ ఆటలో కథను చెప్పే సంభాషణలు దాదాపు లేవు. పాత్రల పేర్లు, ప్రదేశాల పేర్లు, కథ అని నేడు చలామణిలో ఉన్నదంతా చాలావరకు ఆడినవారి ప్రతిస్పందనల నుంచి పుట్టినదే. ఆ ప్రతిస్పందనలను కాలక్రమంలో పరిశీలించి, మూలంలో ఉన్నదానికీ ఆటగాళ్లు చేర్చినదానికీ మధ్య గీత ఎక్కడ చెరిగిపోయిందో గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యుమే నిక్కి, కికియామా, భయానకం, ఆటగాళ్లు, ప్రతిస్పందన, వ్యాఖ్యానం.

ఉపోద్ఘాతం:
ఒక రచనను పాఠకులు ఎలా స్వీకరించారన్నది ఆ రచన చరిత్రలో అంతర్భాగమన్న గుర్తింపు సాహిత్య పరిశోధనకు కొత్త కాదు. కంప్యూటర్ ఆటల చరిత్ర మాత్రం సాధారణంగా కంపెనీల చరిత్రగా, యంత్రాల చరిత్రగా, అమ్మకాల లెక్కగా సాగుతుంది. ఆడినవారు ఏమనుకున్నారన్నది అందులో ఒక అలంకారంగా మిగిలిపోతుంది. ఈ పద్ధతి 'యుమే నిక్కి' దగ్గర పనిచేయదు. దాని వెనుక కంపెనీ లేదు, ప్రకటన లేదు, ధర కూడా లేదు. 'కికియామా' అనే మారుపేరు తప్ప కర్త తన గురించి దాదాపు ఏమీ వెల్లడించలేదు. ఆడినవారి స్పందనలను తీసివేస్తే చరిత్రకారుని చేతిలో మిగిలేది ఒక ఫైలు మాత్రమే.

మూలంలో ఉన్నది:
'యుమే నిక్కి' అంటే కలల దినచర్య. తొలి రూపం 2004 జూన్‌లో వెలువడింది. కర్త దానిని విడతలుగా పెంచుతూ 2007లో 0.10 అనే సంఖ్యతో చివరి రూపాన్ని ఇచ్చి ఆపివేశారు. సంపూర్ణమైనదని సూచించే 1.0 సంఖ్య ఎన్నడూ రాలేదు. దీనిని నిర్మించిన సాధనం 'ఆర్‌పీజీ మేకర్ 2003'. ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా పాత్రధారణ ఆటలను తయారుచేసుకోవడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ అది. 320×240 చుక్కల తెర, 256 రంగుల బొమ్మలు దాని హద్దులు. ఆట పాతకాలపుదిగా కనిపించడానికి ఈ హద్దులు ఒక కారణం. అయితే అవి మాత్రమే కాదు. నాయిక గదిలో 1983 నాటి ఫామికామ్‌ను తలపించే ఆటయంత్రం ఉంది. కలలోని ఒక ప్రపంచం పూర్తిగా ఆ కాలపు ఆటల రూపంలోనే ఉంటుంది. పాతదనాన్ని కర్త తెలిసే వాడుకున్నారనడానికి ఈ రెండూ చాలు.

నాయిక మదోత్సుకి ఒక గదిలో ఉంటుంది. మంచం, బల్ల, దినచర్య పుస్తకం, టీవీ, చిన్న బాల్కనీ ఆమె లోకం. తలుపు దగ్గరకు నడిపిస్తే ఆమె అడ్డంగా తల ఊపుతుంది, బయటకు రాదు. నిద్రపుచ్చితే కలలో పన్నెండు తలుపులున్న చీకటి ప్రాంగణం ఎదురవుతుంది. ఒక్కో తలుపు వెనుక ఒక్కో లోకం. అక్కడక్కడ దాగిన 24 'ఎఫెక్టు'లను సేకరించడమే ఆటలో పని. ఎఫెక్టు అంటే గొడుగు, సైకిలు, కత్తి, పిల్లిరూపం వంటి వస్తువు లేదా రూపాంతరం. గెలుపు ఓటములు లేవు, ప్రాణాల లెక్క లేదు. భయం వేస్తే చెంప గిల్లుకొని మేల్కోవచ్చు. ఇరవై నాలుగింటినీ సేకరించి ప్రాంగణంలో విడిచిపెట్టి మేల్కొంటే బాల్కనీలో మెట్లు కనిపిస్తాయి. ఆమె వాటిని ఎక్కి కిందికి దూకుతుంది. ఆట అక్కడితో ముగుస్తుంది. ఎందుకు దూకిందో, ఆమె వయసెంతో, కుటుంబం ఉందో లేదో మూలంలో ఒక్క మాట కూడా లేదు.

భయం ఎక్కడ పుట్టింది?
ఈ ఆటను భయానకమని చాలామంది ఆటగాళ్లు పిలిచారు. కానీ భయపెట్టే ఆటల్లో ఉండే సామగ్రి ఇందులో తక్కువ. వెంటపడేవి పక్షి ముఖాల స్త్రీలు మాత్రమే. వారికి చిక్కినా చావు లేదు, బయటకు దారి లేని చోటికి చేరడమే శిక్ష. ఎక్కువసేపు జరిగేది నడక. పటాలకు అంచులు లేవు. తూర్పుకు నడుస్తూ పోతే పడమటి నుంచి మళ్లీ అదే చోటికి చేరుతారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇది మామూలు సదుపాయమే. సాధారణంగా విశాలమైన భూగోళాన్ని సూచించడానికి వాడే దానిని ఇక్కడ దారితప్పించడానికి వాడారు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈ రూపంలోని ఆటలతో పెరిగినవారికి చుక్కల బొమ్మల మనిషి కనబడితే మాట్లాడుతుందని, పెట్టె కనబడితే తెరుచుకుంటుందని, ఇంట్లోకి వెళితే పని దొరుకుతుందని ఒక అలవాటు ఉంటుంది. 'యుమే నిక్కి' ఆ అలవాటును పిలిచి, బదులివ్వకుండా నిలబడుతుంది. చిన్ననాటి ఆట రూపంలో ఉన్నది, చిన్ననాటి ఆటలా ప్రవర్తించదు. కొత్త రాక్షసుడిని కల్పించడం కంటే పాత అలవాటును మోసగించడమే ఇక్కడ ఎక్కువ పని చేసింది. మేలైన బొమ్మలతో తీస్తే ఈ ఆట ఇంకా భయపెట్టేదన్న వాదన అందుకే నిలవదు.

దీనికి పరాకాష్ఠ 'ఉబోవా'. మంచు లోకానికి అవతల పోనికో అనే అమ్మాయి ఇల్లుంది. గదిలో దీపం స్విచ్ ఉంది. దానిని నొక్కితే దీపం ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది, అంతే. కానీ 64లో ఒకసారి దీపం ఆరినప్పుడు ఆ అమ్మాయి స్థానంలో నలుపు తెలుపుల వికృతమైన ముఖం నిలుస్తుంది, గది మారిపోతుంది, గుమ్మం దారి ఇవ్వదు. హెచ్చరిక లేదు, ప్రయోజనం లేదు. ఎఫెక్టులన్నీ సేకరించి ఆటను ముగించినవారిలోనూ దీనిని చూడనివారు ఉండటం సహజం. చూసినవారు చెప్పింది మొదట పుకారులా వినిపించి ఉండాలి.

పేర్లు, పటాలు:
ఆట గురించి చర్చ మొదట సాగింది జపనీస్ చర్చావేదిక 'నిచాన్నెరు'లో. అక్కడ ఒక్కో చర్చకు వెయ్యి వ్యాఖ్యల హద్దు ఉండేది. హద్దు చేరగానే అది మూతపడి కొత్తది మొదలయ్యేది. ఇలాంటి చోట చర్చ సాగాలంటే ముందుగా కావలసినవి పేర్లు. పాత్రలు మాట్లాడవు కనుక 'మంచు లోకంలో ఇంట్లో ఉన్న ఆ పిల్ల' అని ప్రతిసారి రాయలేరు. నేడు ఆట పాత్రల పేర్లుగా ప్రసిద్ధమైనవి చాలావరకు ఆటగాళ్లు పెట్టినవే. కొన్ని ఆటలోని ఫైళ్ల పేర్ల నుంచి తీసినవి. పేర్ల తరువాత పటాలు వచ్చాయి. అంచులు లేని లోకాలను తెర తెరగా అతికించి, ఎక్కడ ఏ ఎఫెక్టు ఉందో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో గుర్తించారు. నిజానికి ఇది పాండిత్య శ్రమ. ఆటను ఆడటమూ, దాని పరిష్కృత ప్రతిని సిద్ధం చేయడమూ ఇక్కడ ఒకే పని అయింది.

2006 డిసెంబరులో మొదలైన 'నికోనికో' వీడియో వేదిక మరో రకమైన ఆధారాన్ని మిగిల్చింది. అక్కడ చూసేవారి వ్యాఖ్యలు వీడియోలోని ఆయా క్షణాలకు అతుక్కొని తెరమీద కదులుతాయి. ఏ దృశ్యం దగ్గర జనం ఉలిక్కిపడ్డారో తెలియజేసే ఇటువంటి ఆధారం నాటక చరిత్రకారునికి ఎన్నడూ దొరకలేదు. అయితే దీనిని నమ్మడంలో జాగ్రత్త అవసరం. కనిపించే వ్యాఖ్యల సంఖ్యకు పరిమితి ఉండటం వల్ల కొత్తవి వచ్చేకొద్దీ పాతవి తప్పుకుంటాయి. తెరమీద కనిపించే ఉలికిపాటు తొలి ప్రేక్షకులది కాకపోవచ్చు. ఉలిక్కిపడాలని తెలిసి వచ్చినవారిదీ కావచ్చు.

వ్యాఖ్యానాల వెల్లువ:
పేర్లు స్థిరపడ్డాక ప్రశ్న మారింది. ఏముంది అన్నది పోయి, ఎందుకుంది అన్నది వచ్చింది. గది దాటని నాయికను చూడగానే చాలామందికి 'హికికొమొరి' గుర్తుకు వచ్చింది. సమాజం నుంచి పూర్తిగా వైదొలగి ఇంట్లోనే ఉండిపోయే యువతను సూచించే ఈ మాట, మానసిక వైద్యుడు సైతో తమాకి 1998లో రాసిన పుస్తకంతో జపాన్‌లో విస్తృత ప్రచారం పొందింది. 2004 నాటి ఆటగాడికి అది చేతికి అందుబాటులో ఉన్న తాళంచెవి. ఈ వ్యాఖ్యానానికి మూలంలో కనీసం ఒక ఆధారం ఉంది: ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

మిగిలినవాటికి అంత బలం లేదు. ట్రాఫిక్ దీపం ఎఫెక్టును ఉపయోగించినప్పుడు ఒక బాలిక రూపం వికృతంగా మారుతుంది. దానినుంచి రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఆప్తురాలి కథ అల్లారు. కత్తి నుంచి హింసను, పక్షి ముఖాల నుంచి బడిలో వేధింపులను ఊహించారు. ఒక్కొక్కటి విడిగా చూస్తే సాధ్యమే. చిక్కు ఏమిటంటే, ఒకదానికొకటి పొసగని ఈ కథలన్నింటికీ అవే బొమ్మలు సాక్ష్యం. మెతుకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని నియమం పెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ నియమాన్ని ఇక్కడ పాటిస్తే వ్యాఖ్యానం రెండు పుటలతో ముగిసేది; బహుశా ఆట కూడా మరుగున పడేది. మూలానికి కట్టుబడకపోవడమే ఈ ఆటను బతికించిందని ఒప్పుకోక తప్పదు.

ఒప్పుకోరానిది మరొకటి ఉంది. నాయిక దూకడాన్ని 'వివరించే' పనిలో ఆత్మహత్యకు ఒక్క రహస్య కారణం ఉండి తీరుతుందన్న ధోరణి బలపడింది. మూలం కారణం చెప్పలేదు. కారణం దొరకకపోవడమే ఆ దృశ్యపు బరువు. ఆ ఖాళీని ఒక ప్రమాదంతోనో అత్యాచారంతోనో పూరించిన కథలు దుఃఖాన్ని పొడుపుకథగా మార్చాయి.

కర్త మౌనం:
పాత్రకు జీవితకథ అల్లినవారు కర్తకూ అల్లారు. 2007 తరువాత కొత్త రూపం రాలేదు. 2011 మార్చి 11న ఈశాన్య జపాన్‌లో భూకంపం, సునామీ సంభవించాక కికియామా అందులో మరణించి ఉంటారన్న ఊహ అభిమానుల్లో వ్యాపించింది. ఆధారం లేదు, మౌనమే ఆధారమైంది. ఒక మనిషి మాట్లాడకపోవడాన్ని మరణంగా చదవడానికి ఆట ముగింపే వారిని సిద్ధం చేసిందనిపిస్తుంది. 2013లో కర్త అనుమతితో మాంగా, నవల వంటి అనుబంధ కృతులు వెలువడ్డాయి. మరణవార్త అప్పటితో నీరుగారవలసింది. అయినా పుకారు చాలాకాలం సాగింది.

2018 జనవరిలో మూల ఆట 'స్టీమ్' వేదికపై ఉచితంగా వచ్చింది. మరుసటి నెల 'యుమే నిక్కి: డ్రీమ్ డైరీ' పేరుతో త్రిమితీయ పునర్నిర్మాణం కర్త సహకారంతో విడుదలైంది. దానిపై స్పందన మిశ్రమం. దాగుకోవడం, పజిల్స్ విప్పడం వంటి మామూలు ఆట పనులు అందులో చేరాయి. గురి లేని నడకే ప్రాణమనుకున్నవారికి ఈ గురి ఇబ్బందైంది. కర్త పేరున్న ప్రతి కంటే అభిమానుల సృష్టినే అసలైన వారసురాలిగా భావించినవారు తక్కువేమీ కాదు. 'యుమే నిక్కి' నుంచి పుట్టిన ఆటల్లో 2007లో అనేకమంది కలిసి మొదలుపెట్టిన 'యుమే నిక్కి' అనుసరణ 'యుమే 2క్కి', 2009 నాటి 'ఫ్లో' ముఖ్యమైనవి. మొదటిది ఒక్కొక్కరు ఒక్కో లోకాన్ని చేర్చగా పెరుగుతూ వచ్చి, విస్తీర్ణంలో మూలాన్ని ఎప్పుడో దాటింది.

2018 తరువాత ఆటలోకి వచ్చినవారి దారి వేరు. పోనికో ఇంటికి వారు పటం చూసుకొని వెళతారు. స్విచ్ దగ్గర నిలబడి పదేపదే నొక్కుతారు. లెక్క ప్రకారం దీపాన్ని 64 సార్లు ఆర్పినా నూటికి సుమారు 36 మందికి ఉబోవా కనిపించదు. తొలి ఆటగాళ్లను హఠాత్తుగా పట్టుకున్న ముఖం కోసం వీరు వేచి ఉంటారు, రాకపోతే నిరాశపడతారు.