కండరాల కరెంటు: చర్మం పెట్టిన పరీక్ష

ముంజేతి చర్మానికి రెండు చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి పిడికిలి బిగించమంటారు. అప్పటిదాకా తెర మీద చదునుగా సాగుతున్న గీత ఒక్కసారిగా గుబురుగా లేస్తుంది. సూది గుచ్చే పని లేదు, నొప్పి లేదు. దీన్ని సర్ఫేస్ ఎలక్ట్రోమయోగ్రఫీ అంటారు, వాడుకలో సర్ఫేస్ ఈఎంజీ. దీని చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా పరికరాల వరస ఏకరువు పెడతారు: కప్ప కాలు, గాల్వనోమీటరు, ఆసిలోస్కోపు, కంప్యూటరు. ఆ వరస తప్పు కాదు. అయితే ఏ పరికరం ఎందుకు కావలసి వచ్చిందో అది చెప్పదు. ఈ విద్యను మొదటి నుంచీ ముందుకు తోసింది ఒక అనుమానం: తీగలో పారుతున్నది కండరం కరెంటేనా, మధ్యలో ఇంకేదైనా కలిసిందా? ప్రతి మలుపులోనూ ఈ ప్రశ్న అడిగినవాళ్లకు, జవాబు వెతికినవాళ్లతో సమానంగా ఇందులో వాటా ఉంది.

అనుమానం మొదలైంది ఇటలీలో. బొలోన్యాలో లూయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాళ్లకు రెండు రకాల లోహాలు తగిలిస్తే అవి ఎగిరిపడటం చూశాడు. విద్యుత్తు ప్రాణి శరీరంలోనే ఉందని 1791లో ప్రకటించాడు. పావియాలోని అలెస్సాండ్రో వోల్టా మొదట మెచ్చుకుని, తర్వాత అడ్డం తిరిగాడు. విద్యుత్తు లోహాలదనీ, కప్ప కాలు దాన్ని పట్టిచ్చే సాధనం మాత్రమేననీ వాదించాడు. ఆ వాదన వెంట నడిచే 1800లో బ్యాటరీ పుట్టింది. గాల్వానీ పక్షం లోహం ఊసే లేకుండా, కోసిన నరాన్ని కండరానికి తాకించి కాలు అదిరేలా చేసి చూపింది. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. 1840ల తొలినాళ్లలో కార్లో మాత్తెయూచి ఒక కప్ప తొడ కండరం మీద ఇంకో కప్ప కాలి నరాన్ని పరిచాడు. మొదటి కండరం ముడుచుకోగానే రెండో కాలూ అదిరింది. ముడుచుకునే కండరంలో విద్యుత్తు మారుతుందనడానికి అది గట్టి సాక్ష్యమే. కానీ ఇదంతా తోలు వలిచిన కప్పల సంగతి. తోలుతో ఉన్న మనిషి మాటేమిటి?

ఆ పని బెర్లిన్‌లో ఎమిల్ డుబ్వా రేమాన్ తలకెత్తుకున్నాడు. ఆయన గాల్వనోమీటరులో తీగ 24 వేలకు పైగా చుట్లు తిరిగి ఉండేది. రెండు చేతుల వేళ్లూ ఉప్పునీటి గిన్నెల్లో ముంచి ఒక చేతిని బిగిస్తే, సూది కొద్దిగా కదిలింది. ఎనభయ్యో పడిలో అడుగు పెడుతున్న అలెగ్జాండర్ హంబోల్ట్ సైతం తన చేతులతో ఈ ప్రయోగం చేసి చూశాడు. ఆ చిన్న కదలికకు కారణం చర్మమేనని డుబ్వా రేమాన్ గ్రహించాడు. విద్యుత్తును అది సులువుగా పోనివ్వదు. అందుకని ముంజేతుల మీద బొబ్బలు లేపుకుని, పైపొర తీసేసి, ఆ పుండ్ల మీదే ఎలక్ట్రోడ్లు ఆనించాడు. సూది కదలిక సుమారు 30 రెట్లు పెరిగింది. అయినా పారిస్ పండితులకు నమ్మకం కుదరలేదు. చెయ్యి బిగిస్తే చెమట పడుతుంది, చెమటలో రసాయనాలుంటాయి, సూదిని కదిపింది అవేనేమో అన్నారు. 1850లో ఆయన స్వయంగా పారిస్ వెళ్లి చూపించినా వివాదం తెగలేదు.

బొబ్బల దాకా వెళ్లిన మనిషిని ఇంకా శంకించడం మొండితనం కాదా? కాదు. 1878లో లుడిమార్ హెర్మన్, లుక్సింగర్ కలిసి స్వేదగ్రంథులకూ సొంత కరెంటు ఉందని పిల్లి పాదం మీద నిరూపించారు. అంటే ఆ శంకకు ఆధారం ఉంది. చెమటనూ కండరాన్నీ విడదీసే దారి చివరికి చర్మాన్ని ఒలవడంలో దొరకలేదు, వేగాన్ని కొలవడంలో దొరికింది. చెమట తాలూకు కరెంటు సెకన్ల మీద నింపాదిగా మారుతుంది. కండరానిది సెకనుకు పదుల అలల వేగం. బరువైన అయస్కాంత సూదికి ఆ వేగాన్ని అందుకునే శక్తి లేదు. లైడెన్‌లో విలెమ్ ఐంతోవెన్ గుండె కోసం రూపొందించిన సన్నని తీగ గాల్వనోమీటరుకు ఉంది. దాన్ని తీసుకుని హాన్స్ పైపర్ 1907 నుంచి ముంజేతి కండరాలను చర్మం పైనుంచే నమోదు చేశాడు. సెకనుకు సుమారు 50 అలలు లెక్కకు వచ్చాయి. ఇవాళ్టి యంత్రాల్లో నిదానమైన అలల్ని వడగట్టేసే ఫిల్టరు చేసేదీ ఈ విడదీయడమే.

చర్మంతో ఇంత పోరు దేనికి, సూదితో నేరుగా లోపలికే పోవచ్చు కదా అనేవాళ్లున్నారు. 1929లో అడ్రియన్, బ్రాంక్ సూది ఎలక్ట్రోడుతో ఆ పనీ చేశారు. నరాల, కండరాల జబ్బుల నిర్ధారణకు నేటికీ సూదే ప్రమాణం. అయితే సూది వినేది తిరునాళ్లలో పక్కన నిలబడ్డ నలుగురి మాటల్ని. పొలిమేర నుంచి వినబడే హోరు వేరు. ఏ కండరం ఎప్పుడు పనిలోకి దిగింది, ఎప్పుడు విరమించిందనే ప్రశ్నకు ఆ హోరే కావాలి. నడిచే మనిషికి, రోజంతా పనిచేసే చేతికి సూది గుచ్చి ఉంచలేం. తెగిన చేతి మొండి మీద ఎలక్ట్రోడ్లు ఆనించి, మిగిలిన కండరం బిగింపుతో కృత్రిమ చేతిని మూసి తెరిచే ఏర్పాట్లు గత శతాబ్దం మధ్య నుంచే మొదలయ్యాయి. 2025లో మెటా సంస్థ కళ్లజోడుతో పాటు అమ్మకానికి తెచ్చిన మణికట్టు పట్టీ చేసేదీ అలాంటి పనే.

పాత అనుమానం మాత్రం రూపం మార్చుకుని ఇక్కడే ఉంది. గీత ఎత్తు పెరిగితే బలం పెరిగిందనుకోవడం తొందరపాటు. కొవ్వు మందం, ఎలక్ట్రోడు చోటు, అలసట, పక్క కండరం చప్పుడు అన్నీ ఆ ఎత్తులో కలుస్తాయి. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ కూడా సరిగ్గా కండరం అలల మధ్యలోనే పడుతుంది. అందుకే యూరప్ పరిశోధకులు 1990ల చివర సెనియామ్ పేరిట నియమాలు కూర్చారు. ఎలక్ట్రోడ్ల మధ్య 20 మిల్లీమీటర్లు, కండరపు పోగుల దిశలోనే అమరిక అందులోవే. అంటించే ముందు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవాలన్న నియమమూ ఉంది. చర్మపు అడ్డు తగ్గించడానికి డుబ్వా రేమాన్‌కు బొబ్బలు కావలసి వచ్చిన చోట, ఇప్పుడు టెక్నీషియన్ చేతిలోని ఆ దూది ఉండ సరిపోతోంది.