పిడుగురాళ్ళ స్త్రీలు, ఔషధ పరీక్షలు

సున్నపు బట్టీలును, చుట్టుపట్ల ప్రత్తి మిరప చేల కూలియు జీవనాధారములుగా గల పల్నాటి పిడుగురాళ్ళ పేరు 2011 జూన్ మాసమున దేశమంతటను వినవచ్చెను. అచ్చటి పేద స్త్రీలు కొందఱు డబ్బు వచ్చునన్న యాశతో హైదరాబాదునకు పోయి, రొమ్ము క్యాన్సరు మందుల పరీక్షకు దేహముల నొప్పగించి, ఇల్లు చేరిన పిమ్మట కీళ్ళనొప్పులతోను నీరసముతోను బాధపడుచున్నామని మొఱపెట్టుకొనిరి.

అట్టి పరీక్షయందు క్రొత్త తయారీ మందును, పూర్వమునుండి వాడుకలోనున్న మందును మార్చి మార్చి మింగించి, నియతకాలములయందు నెత్తురు తీసి, రెండును రక్తమున నొకే రీతిగా చేరుచున్నవో లేదో చూతురు. రోగము లేనివారికి దానివలన కూలిడబ్బు తప్ప వేఱు ఫలము లేదు. తామెందులకు సమ్మతించిరో ఆ స్త్రీలకు తెలిసినదా యను ప్రశ్నయే నాకు సర్వప్రధానముగా తోచును. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ పరీక్ష జరిపిన సంస్థ యనుమతిని నిలిపివేసెను. హాని పొందినవారికి పరిహార మీయవలెననియు, సమ్మతి తీసికొను వేళ దృశ్యశ్రవణముద్రణము జరుగవలెననియు 2013లో ఆదేశములు వెలువడెను.

ఐనను మందుల కంపెనీల పరిశోధననంతయు శంకించుట న్యాయము కాదు. సంగ్రహణిచే సోదరులను గోల్పోయిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో తన సహచరులతో గూడి, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సాధించి, ఆ కృశింపజేయు వ్యాధికి మందు చూపెను. నేడును, తీరని యలసట కలిగించు రోగముచే ఏండ్ల తరబడి మంచము పట్టినవారు, తమ రోగమునకు మనదేశమున ఆమోదిత ఔషధ మేదియు లేనందున, అట్టి ప్రయోగశాలలవైపే చూచుచున్నారు. పరీక్షలలో చేరునప్పుడు వారి చేతికిచ్చు సమ్మతిపత్రమును తెలుగున చదివి వినిపింపవలెను, పరీక్ష ముగిసిన పిదపను వారి బాగోగులు విచారించు వైద్యుడుండవలెను.