దారిలో గడిచిన గంట ఎవరిది?



మాది సరిహద్దు తాలూకా. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కిందటేడు ఏడో తరగతి పిల్లలకు 'కాలము, పని, కూలి' లెక్కలు చెబుతూ బల్లమీద ఒక లెక్క వేశాను. ఒకామె ఒక ఏజెన్సీ తరఫున రోజుకు మూడు ఆఫీసులు శుభ్రం చేస్తుంది. ఒక్కొక్క చోట రెండు గంటల పని. గంటకు 60 రూపాయలు. రోజు కూలి ఎంత? పిల్లలంతా ఒక్క గొంతుతో "360 రూపాయలు" అన్నారు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి మాత్రం లేచి నిలబడి, "సార్, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు బస్సులో పొయ్యే టైము లెక్కలోకి రాదా?" అని అడిగింది.

ఆ పిల్ల తల్లి తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పోయి అలాంటి పనే చేసి వస్తుంది. మారికుప్పం, బంగారపేట వైపు నుంచి పోయే రైళ్ళు ఎక్కినవారికి అటువంటి తల్లులు కొత్త కాదు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ ప్రశ్న వెనక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అదే ఈ పూట మీతో చెప్పదలచాను.

ముందు ఆ లెక్కనే పూర్తి చేద్దాం. ఆమె ఉదయం 7 గంటలకు మొదటి ఆఫీసులో చీపురు పట్టింది. 9కి ముగించి, బస్సు పట్టుకొని, 10కి రెండో ఆఫీసు చేరింది. 12కి అది ముగిసింది. అరగంట కూర్చుని బువ్వ తిన్నది. మళ్ళీ గంటసేపు ప్రయాణం. మూడో ఆఫీసులో ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా పని. చీపురు పట్టిన గంటలు ఆరు, దారిలో గడిచినవి రెండు. బువ్వ తిన్న అరగంట ఆమె సొంతం, దాన్ని వదిలేద్దాం. 360 రూపాయలను ఆరుతో భాగిస్తే 60 వస్తుంది. ఎనిమిదితో భాగిస్తే 45 వస్తుంది. చూశారా, ఎవరూ కూలి తగ్గించలేదు, కానీ కూలి తగ్గింది. తగ్గిన ఆ పదిహేను రూపాయలూ దారిలో పోయాయి.

ఈ తగాదా మొదట వచ్చింది గనుల్లో. మన కోలారు బంగారు గనులనే తీసుకోండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ పని మొదలుపెట్టింది. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు తరతరాలుగా ఆ గనుల్లో దిగారు. 2001 ఫిబ్రవరి 28న మూతపడేనాటికి ఆ గనుల లోతు మూడు కిలోమీటర్లు దాటింది. బోనులాంటి లిఫ్టులో దిగి, చీకటి సొరంగాల్లో నడిచిన తరువాత గానీ రాయి తవ్వే చోటు రాదు. దిగడానికి పట్టే ఆ సేపు ఎవరిది? కూలివాడిదా, కంపెనీదా? గని ఉన్న ప్రతి దేశంలోనూ ఈ ప్రశ్న లేచింది.

ఇంగ్లండులో 1908లో బొగ్గుగనులకు ఎనిమిది గంటల చట్టం వచ్చింది. ఆ ఎనిమిది గంటలను కొలిచిన తీరు గమనించండి. షిఫ్టులో ఆఖరి మనిషి నేలమీద నుంచి దిగిన క్షణం మొదలు, మొదటి మనిషి తిరిగి పైకి వచ్చిన క్షణం దాకా. అంటే అందరికన్నా ముందు దిగినవాడు ఆఖరివాడు దిగేదాకా లోపల వేచి ఉన్న సేపు లెక్కలోకి రాదు. కొలబద్ద ఎక్కడ పెడతామన్నదాన్ని బట్టి మనిషి దినం పెరుగుతుంది, తరుగుతుంది.

అమెరికాలో 1938లో కనీస వేతనాల చట్టం వచ్చింది. అయితే 'పని' అంటే ఏమిటో అందులో స్పష్టంగా రాయలేదు. అలబామా రాష్ట్రంలో ఇనుప ఖనిజం తవ్వే గనులున్నాయి. అక్కడ కూలీలు ఖనిజం మోసే బండ్లలోనే ఒకరిమీద ఒకరు ఇరుక్కుని, వంగి కూర్చుని లోపలికి దిగేవారు. అక్కడి నుంచి పని చోటికి నడిచేవారు. దానికి కూలి లేదు. 1944లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ ప్రయాణం కూడా పనేనని తీర్పు చెప్పింది. అది కూలివాడి సరదా కోసం చేసిన ప్రయాణం కాదు, యజమాని అవసరం కోసం చేసింది అన్నది ఆ తీర్పు సారం.

రెండేళ్ళకు, 1946లో, మిషిగన్ రాష్ట్రంలోని మౌంట్ క్లెమెన్స్ అనే ఊళ్ళో కుండలు, పింగాణీ పాత్రలు చేసే ఫ్యాక్టరీ కూలీల కేసు అదే కోర్టు ముందుకు వచ్చింది. గేటు దగ్గర కార్డు గుద్ది, పని బల్ల దాకా నడిచే నిమిషాలకు కూలి కావాలని వారడిగారు. కోర్టు ఒప్పుకుంది. దాంతో దేశమంతటా కేసులు వెల్లువెత్తాయి. కూలీలు అడిగిన బకాయిలు దాదాపు 600 కోట్ల డాలర్లకు చేరాయి. యజమానులు గగ్గోలు పెట్టారు. 1947 మే నెలలో అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి పోయే సేపు, గేటు నుంచి బల్ల దాకా నడిచే సేపు మామూలుగా లెక్కలోకి రావని ఆ చట్టం తేల్చింది.

కూలీలు చాలా పోగొట్టుకున్నారు. కానీ ఒకటి మిగిలింది. దినం పని మొదలయ్యాక, ఒక పని చోటి నుంచి ఇంకో పని చోటికి పోయే ప్రయాణం పనిలో భాగమే. ఈ సూత్రం అమెరికా కార్మిక శాఖ నిబంధనల్లో అలాగే నిలిచింది. మూడు భవనాలు తుడిచే ఆమె బస్సులో గడిపే గంటకు ఆధారం గని కూలీలు తెరిచిన ఆ దారే.

బ్రిటనులో 1999 ఏప్రిల్ 1 నుంచి కనీస వేతనం అమలయింది. అక్కడ లెక్క వేసే పద్ధతి మన బల్లమీది లెక్కలాంటిదే. చెల్లించిన కూలిని పనిచేసిన గంటలతో భాగిస్తారు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి యజమాని పంపగా పోయిన సేపును కూడా ఆ గంటల్లో కలుపుతారు. వచ్చిన అంకె కనీస వేతనానికి తగ్గితే యజమాని తప్పు చేసినట్టే. ఇళ్ళకు పోయి ముసలివారికి సేవ చేసే ఒక పనిమనిషి కేసులో 2013లో అక్కడి అప్పీలు ట్రిబ్యునలు ఇదే మాట నిలబెట్టింది. 2015 సెప్టెంబరులో యూరప్ న్యాయస్థానం ఇంకో అడుగు వేసింది. స్థిరమైన ఆఫీసు లేని ఉద్యోగులకు, ఇంటి నుంచి మొదటి గిరాకీ దగ్గరికి పోయే ప్రయాణం కూడా పని కాలమేనంది. అయితే దానికి జీతం ఎంత అన్నది ఆయా దేశాల చట్టాలకే వదిలింది.

మరి మన మాటేమిటి? ఇళ్ళలో పాచిపని చేసేవారికి, కన్నడంలో మనెగెలస అంటామే, దానికి కర్ణాటక ప్రభుత్వం 2004లో కనీస వేతనం ప్రకటించింది. దేశంలో అలా ముందుకొచ్చిన మొదటి రాష్ట్రం మనదే. 2010లో ఇ.ఎస్.ఐ. చట్టానికి సవరణ చేసి, పనికి పోతూ వస్తూ దారిలో జరిగే ప్రమాదాన్ని, ఆ ప్రయాణానికీ పనికీ సంబంధం ఉంటే, ఉద్యోగ ప్రమాదంగానే చూడమన్నారు. దారికీ పనికీ బంధం ఉందని మన చట్టం కూడా ఒప్పుకున్నట్టే కదా.

ఒక చిక్కు ఉంది. ఒకే ఏజెన్సీ మూడు చోట్లకు పంపితే, దారి గంట ఆ ఏజెన్సీదని అడగవచ్చు. నలుగురు ఇల్లాళ్ళ దగ్గర విడివిడిగా పనిచేసే ఆమె ఎవరిని అడగాలి? మొదటి ఇంటివారికి ఆమె వెళ్ళిపోయింది, రెండో ఇంటివారికి ఇంకా రాలేదు. మధ్యలోని గంట అనాథ. ఇక్కడ చట్టం కన్నా మన మనస్సే ముందు పనిచేయాలి. మీ ఇంట్లో పనిచేసే ఆమెతో నెల జీతం మాట్లాడేటప్పుడు, "అమ్మా, ఎంత దూరం నుంచి వస్తావు?" అని ఒక్క మాట అడిగి, ఆ దూరాన్ని కూడా జీతంలో వేసి చూడండి.

పనిచేసే తల్లులకు కూడా ఒక మాట. మౌంట్ క్లెమెన్స్ తీర్పులో చాలామంది మరచిన సంగతి ఒకటుంది. యజమాని గంటల లెక్క రాసి ఉంచకపోతే, కూలివారు తమ దగ్గరున్న సబబైన ఆధారం చూపితే చాలు, అది తప్పని నిరూపించే బాధ్యత యజమానిదే అన్నారు. అది మన దేశపు తీర్పు కాదు, నిజమే. కానీ రాసి పెట్టుకున్న లెక్క ఏ దేశంలోనైనా లెక్కే. ఏ చోట ఎన్నింటికి ముగిసింది, తరువాతి చోటికి ఎన్నింటికి చేరాను, బస్సు టికెట్టు ఎంత, ఇవి చాలు.

మా బడి అమ్మాయికి నేను ఈ జవాబే చెప్పాను. ఒక నలభై పేజీల నోటుబుక్కు కూడా ఇచ్చాను. రోజూ రాత్రి తల్లి చెబుతుంటే ఆ పిల్ల రాస్తోంది. నెల తిరిగాక తల్లి దాన్ని తీసుకుని ఏజెన్సీ మేనేజరు దగ్గరికి పోయింది. ఆయన దారి గంటకు కూలి ఇవ్వలేదు. కానీ రెండో ఆఫీసును మార్చి, మొదటిదానికి నడిచిపోయేంత దగ్గరలో ఇచ్చాడు. రోజుకు ముప్పావుగంట మిగిలింది. ఇప్పుడు ఒక బండి ముందే ఇల్లు చేరుతోందట.

బల్లమీది ఆ లెక్కను ఈ ఏడు మళ్ళీ వేస్తాను. ఈసారి దారి గంటలతో కలిపే వేస్తాను.