అత్తమ్మ భరిణలో హాలీ సిక్కా

లాల్ దర్వాజాలోని మా ఇంట్లో, దేవుడి గూట్లో అత్తమ్మ కుంకుమ భరిణ ఉంటుంది. అడుగున ఒక వెండి రూపాయి. మొన్న దీపావళికి వెండి సామాన్లతో పాటు దాన్నీ చింతపండుతో తోమబోయాను. "ముట్టకు బిడ్డా, అది హాలీ సిక్కా" అంది అత్తమ్మ.

దాని మీద మన చార్మినారే ఉంటుంది. కమాను మధ్యలో 'మీమ్' అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలంది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. మాది ఐన్. అప్పట్లో 6 కల్దార్లు, అంటే బ్రిటిష్ రూపాయలు కావాలంటే 7 హాలీ సిక్కాలు ఇవ్వాలి. 1948లో నిజాం రాజ్యం పోయినా, ఈ సిక్కాలు 1959 దాకా చెల్లాయి.

"అమెరికాకు పంపి గ్రేడు వేయిద్దాం" అన్నాడు మా అబ్బాయి. 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ అనే కంపెనీలు వచ్చాయట. నాణేన్ని పరీక్షించి, నంబరిచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేస్తారు. తోమిన నాణేనికి మామూలు నంబరు ఇవ్వరు. అత్తమ్మ ఆపింది నయమే!

ఇంకో వింత చెప్పాడు. తమ పెట్టె ఎలా ఉంటుందో చూపించడానికి ఆ కంపెనీలు చవక నాణేలను సీలు వేసి, 'శాంపిల్' అని రాసి, నాణేల ప్రదర్శనల్లో ఊరికే పంచేవట. ఇప్పుడు వాటిలో అరుదైన వాటిని వెతికి కొనేవాళ్లున్నారు. నాణెం కోసం కాదు, పెట్టె కోసం!

అత్తమ్మ నవ్వలేదు. ఆ సిక్కా వాళ్లమ్మ ఒడిబియ్యంలో పెట్టింది. నా ఒడిబియ్యంలోనూ అదే పడింది.

"సీలేస్తే రేపు నీ బిడ్డ ఒడిల ఎట్ల వేస్తం?" అంది.

సిక్కా మళ్లీ భరిణలోకి వెళ్లింది, కుంకుమ మరకతోనే.