పచ్చసొన ఎవరి వాటా?

కోడిగుడ్డు ఒంటికి మంచిదా చెడ్డదా అని అడిగితే మా ఇంట్లో ముగ్గురు మూడు జవాబులు చెప్తారు. అత్తమ్మ "వేడి చేస్తది" అంటుంది. మా ఆయన "కొలెస్ట్రాల్" అంటారు. ఇంటర్ చదివే మా బాబు "ప్రోటీన్" అంటాడు. గుడ్డు మాత్రం అదే, కరీంనగర్‌లో మా వీధి చివరి కిరాణం కొట్టు నుంచి వచ్చిన అదే ముప్పై గుడ్ల ట్రే. ఈ మూడు మాటలూ మూడు కాలాల నుంచి నడిచొచ్చి మన వంటింట్లో కూర్చున్నాయి. ఎవరు ఏ మాట ఎందుకు అన్నారో తెలిస్తే, ఎంత నమ్మాలో మనకే అర్థమవుతుంది కదండీ.

ముందు అత్తమ్మ మాట. మా పుట్టింటి ఊరు జగిత్యాల వైపు. నా చిన్నప్పుడు ఇంటింటికీ నాలుగైదు నాటు కోళ్లు ఉండేవి. నాటు కోడి పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఇక పిల్లలు పెద్దయ్యేదాకా గుడ్డు మాటే ఉండదు. ఏడాది మొత్తం మీద ఒక కోడి పెట్టేది అరవై లోపే. అందులో కొన్ని పొదుగుకు పెట్టాలి, కొన్ని అంగడికి పోవాలి. గుడ్లమ్మిన పైసలు ఆడవాళ్ల చేతి పైసలు. ఉప్పు, గాజులు, పిల్లల పలకలు వాటితోనే వచ్చేవి. మిగిలిన గుడ్డు ఎవరికి? అల్లుడొస్తే అల్లుడికి, లేకపోతే మగపిల్లాడికి. ఆడమనిషికి గుడ్డు దక్కేది రెండు సందర్భాల్లో: పెద్దమనిషి అయినప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు. మిగతా రోజుల్లో మా నాయినమ్మ, "గుడ్డు వేడి బిడ్డా, ఎండలల్ల తినద్దు" అనేది. ఎండకు గుడ్డు తొందరగా పాడవుతుంది, ఫ్రిజ్‌లు లేవు, కాబట్టి ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఎండాకాలంలో తమ్ముడికి ఎందుకు వేడి చేసేది కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు!

పాతకాలం వైద్యం అంతా గుడ్డును వద్దంది అనుకుంటే అదీ నిజం కాదు. చరక సంహితలో ఆహార పదార్థాల గుణాలు చెప్పే అధ్యాయంలో కోడి, నెమలి, పిచ్చుక గుడ్ల ప్రస్తావన ఉంది. దగ్గుకు, గుండె జబ్బుకు మేలు చేస్తాయని, వెంటనే బలం ఇస్తాయని ఉంది. గుండె జబ్బుకు మంచిదట! ఇది చదివినప్పుడు నేను మా ఆయన వైపు చూసి నవ్వాను.

గుడ్డు అంగడి గంపలోంచి ట్రేలోకి రావడం వేరే కథ. ఆ కథలో ముఖ్యమైన మనిషి మన తెలుగువాడే, బండా వాసుదేవరావు గారు. 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. అప్పటికి ఫారాలు వచ్చాయి. ఏడాదికి మూడు వందల దాకా పెట్టే తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు వచ్చాయి. కానీ గుడ్డు ధర పెంచేదీ దించేదీ దళారులే. దాణా ఖర్చు కూడా రాక రైతులు ఫారాలు మూసుకునే పరిస్థితి. రావు గారు ఊరూరా తిరిగి, రైతుల మీటింగులు పెట్టి, మన గుడ్డుకు మనమే ధర చెప్పుకుందామని ఒప్పించారు. అలా 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ పుట్టింది. ఇప్పుడు రోజూ పేపర్లో వచ్చే గుడ్డు ధర వాళ్లు చెప్పేదే. ఆయనకు 1990లో పద్మశ్రీ వచ్చింది. దూరదర్శన్‌లో ఆదివారమైనా సోమవారమైనా గుడ్డు తినండని చెప్పే హిందీ పాట నా వయసు వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. అది కూడా ఆ కమిటీ ప్రకటనే. అంటే "రోజూ గుడ్డు" అన్నది మొదట డాక్టర్ మాట కాదు, అమ్మేవాళ్ల మాట. అయినా ఆ అమ్మకం వల్లే ఒకప్పుడు అల్లుడికి మాత్రమే దొరికిన గుడ్డు కూలికి పోయే ఇంట్లో కూడా ఉడికింది. ఈ మంచిని నేను తక్కువ చేయలేను.

కోడిపుంజు లేకుండా పెట్టే ఫారం గుడ్డులోంచి పిల్ల రాదు కాబట్టి అది శాకాహారమే అన్న వాదన కూడా ఆ రోజుల్లో బాగా వినిపించింది. అది కొత్త వాదనేమీ కాదు. గాంధీజీ 1942లో ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలోనే, పాలు తాగేవాళ్లకు అలాంటి గుడ్డు తినడానికి అభ్యంతరం ఉండకూడదని అన్నారు. తినాలా వద్దా అన్నది ఎవరింటి ఆచారం వాళ్లది. నేను దాని జోలికి పోను.

ఇక మా ఆయన మాట. ఇది రష్యా నుంచి బయలుదేరింది. 1913లో అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి వాటి రక్తనాళాలు పూడుకుపోవడం చూశారు. కుందేలు ఆకులు తినే జీవి. కొలెస్ట్రాల్ దానికి తెలిసిన తిండే కాదు. అయినా ఆ దారిలోనే ఆలోచన సాగింది. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు పచ్చసొనలు మించొద్దని చెప్పింది. 1984 మార్చిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా రెండు గుడ్లను కళ్లుగా, పంది మాంసం ముక్కను వంకర నోరుగా పెట్టి ఏడుపు మొహం వేసింది. మనకు టీవీలో గుడ్డు పాట మొదలవుతున్న కాలంలోనే అక్కడ గుడ్డును చూసి భయపడుతున్నారన్నమాట.

తర్వాత లెక్క మారింది. మన ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేసుకుంటుంది. తిండి నుంచి ఎక్కువ వస్తే చాలామందిలో అది తన పని తగ్గించుకుంటుంది. 1999లో హార్వర్డ్ వాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకొక గుడ్డు దాకా తింటే గుండె జబ్బు పెరిగినట్టు కనిపించలేదన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో మాత్రం కొంత అనుమానం మిగిలింది. 2015లో అమెరికా ఆహార సూచనల్లోంచి రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ హద్దు తీసేశారు. 2018లో చైనాలో సుమారు ఐదు లక్షల మందిని చూసి, రోజూ గుడ్డు తినేవాళ్లలో పక్షవాతం, గుండె జబ్బులు తక్కువే ఉన్నాయన్నారు. మరుసటి ఏడాదే అమెరికాలో ముప్పై వేల మంది వివరాలు చూసినవాళ్లు, గుడ్లు పెరిగేకొద్దీ ప్రమాదం కొంచెం పెరుగుతుందన్నారు. విసుగొస్తుంది కదా! కానీ అక్కడ గుడ్డు పక్కన వెన్న, పంది మాంసం ఉంటాయి. మన దగ్గర గుడ్డు పులుసులో, అన్నంతో ఉంటుంది. పక్కన ఏముందో చూడకుండా గుడ్డును మాత్రమే బోనులో నిలబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. ఆరు బజ్జీలు తిని గుడ్డు వద్దనేవాళ్లను మీరూ చూసే ఉంటారు.

మా ఇంట్లో ఈ చరిత్రంతా ఎక్కడ తేలిందంటే, పచ్చసొన దగ్గర. మా ఆయనకు రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చినప్పటి నుంచి ఆయనకు తెల్లసొన ఒక్కటే. షుగర్ కూడా ఉంది కాబట్టి డాక్టర్ చెప్పినట్టే నడుస్తున్నాం, అందులో తప్పు లేదు. మరి ఆ పచ్చసొన ఏమైంది? పారేయడానికి చేతులు రావు. నా కంచంలోకి వచ్చింది. ఒకప్పుడు గుడ్డే దక్కని ఆడవాళ్ల ఇంట్లో ఇప్పుడు డాక్టర్ వద్దన్న ముక్క ఆడమనిషికి వచ్చింది! తమాషా ఏమిటంటే ఎ, డి విటమిన్లు, బి12, మెదడుకు కావలసిన కోలిన్ ఎక్కువగా ఉండేది ఆ పచ్చసొనలోనే. గుడ్డులోని ఆరు గ్రాముల ప్రోటీన్‌లో కూడా సగానికి కాస్త తక్కువ అందులోనే ఉంది. బలమైన ముక్క నాకే వచ్చింది. కానీ ఇంట్లో ఎవరూ నా రక్తపరీక్ష ఎంతో అడగలేదు. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్లకు చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అందుకే పోయిన ఏడాది నేనే వెళ్లి చేయించుకున్నాను. మీలో నలభై దాటినవాళ్లు ఆయన పరీక్ష రోజునే మీదీ చేయించండి, అదే కడుపు మాడ్పుతో పని అయిపోతుంది.

పచ్చి గుడ్డు సంగతి కూడా చెప్పాలి. పెద్దమనిషైన పిల్లకు పచ్చి గుడ్డు తాగించడం మన వైపు ఇంకా ఉంది. పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. సాల్మొనెల్లా అనే క్రిమి భయం సరేసరి. ఉడికిస్తే రెండు గొడవలూ ఉండవు. ఇంకోటి, రక్తం తక్కువని గుడ్డు మీదే ఆధారపడకండి. గుడ్డులోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. తోటకూర, పప్పు, పైన నిమ్మకాయ పిండుకోవడం వేరేగా ఉండాల్సిందే.

గుడ్డు ఎవరి వాటా అన్న ప్రశ్నకు సర్కారు కూడా ఒక జవాబు వెతికింది. 2015 జనవరి 1న మన రాష్ట్రంలో ఆరోగ్యలక్ష్మి మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు. అక్కడే కూర్చుని తినాలన్నది నియమం. ఇంటికి ఇచ్చి పంపితే ఆ గుడ్డు ఎన్ని ముక్కలవుతుందో మనకు తెలియదా? మా చిన్నమ్మ బిడ్డ ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు దగ్గర ఒక గూడెంలో టీచర్. అక్కడికి వచ్చే గర్భిణుల్లో చాలామంది గోండు ఆడవాళ్లు. అన్నం, పప్పు తిని, గుడ్డును కొంగులో కట్టుకుంటారట. "మొగడు కైకిలికి పోయిండు అక్కా, ఆయనకు పెడ్త" అని ఒకామె, "అత్తకు పానం బాగలేదు" అని ఇంకొకామె. మా చెల్లె అందుకని గుడ్డు చివర్లో ఇవ్వడం మానేసింది. ఇప్పుడు పెంకు తీసి, రెండుగా కోసి, ఉప్పు చల్లి, అన్నం కంటే ముందే కంచంలో పెడుతుంది. కోసిన గుడ్డును కొంగులో కట్టుకోలేరు కదా అంటుంది.